ఉయ్యాల నుంచి పలుకుల దాకా

బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు వండి పంచిపెట్టడం తెలుగువారి ఇళ్ళలో తరతరాలుగా ఉన్న ఆచారం. మాటలు వస్తే పంచదార చిలకలు పంచుతారు. ఈ వేడుకల వెనుక ఒక మంచి అలవాటు ఉంది. బిడ్డ ఎదుగుదలలోని ఒక్కొక్క మెట్టును ఇంటిల్లిపాదీ గమనిస్తారు. సాధారణంగా పిల్లలు 4 నుంచి 6 నెలల మధ్య బోర్లాపడతారు. ఏడాదికి అటూ ఇటూగా నడుస్తారు, తొలి మాట పలుకుతారు. కొందరు కొంచెం ముందు, కొందరు కొంచెం వెనుక. ఈ మెట్లు ఎక్కడానికి బిడ్డకు ఆహారం, నిద్ర కావాలి. వాటితోపాటు తనను పలకరించే మనుషులూ కావాలి. ఎందుకో తెలుసుకుందాం.

అప్పుడే పుట్టిన శిశువు మెదడు బరువు సుమారు 350 నుంచి 400 గ్రాములు ఉంటుంది. పెద్దవారి మెదడు సుమారు 1300 నుంచి 1400 గ్రాములు. రెండేళ్ళు నిండేసరికి బిడ్డ మెదడు పెద్దవారి మెదడులో దాదాపు నాలుగింట మూడు వంతుల పరిమాణానికి చేరుకుంటుంది. ఈ కాలంలో నాడీకణాల మధ్య లెక్కలేనన్ని దారులు ఏర్పడతాయి. పొలంలో మనుషులు నడిచేకొద్దీ కాలిబాట ఏర్పడుతుంది. నడక మానితే గడ్డి మొలిచి మూసుకొనిపోతుంది. మెదడులోని దారులూ అంతే. బిడ్డ మాటిమాటికీ చూసేవి, వినేవి, తాకేవి స్థిరపడతాయి. వాడనివి సన్నగిల్లుతాయి.

స్నానాన్నే తీసుకోండి. అమ్మమ్మ కాళ్ళు చాపుకొని కూర్చుని, బిడ్డను వాటిమీద పడుకోబెట్టి, నూనె రాసి, గోరువెచ్చని నీళ్ళు పోస్తుంది. ఊరికే పోయదు. "ఏదీ చెయ్యి? ఇదిగో బొజ్జ!" అంటూ పేరు పెట్టి పలుకుతుంది. చెవి ఆ పేరును వింటుంది. అదే క్షణంలో ఒంటికి ఆ చోట స్పర్శ తెలుస్తుంది. మాటకు అర్థం అలా అతుక్కుంటుంది. ప్రతిదినం అదే వేళకు, అదే వరుసలో జరిగే పని కాబట్టి తరువాత ఏమి జరుగుతుందో బిడ్డకు క్రమంగా తెలిసివస్తుంది. చెంబు చప్పుడు వినగానే కాళ్ళు ఆడిస్తుంది. ముందు జరగబోయేది తెలిస్తే బెదురు తగ్గుతుంది.

రెండు మూడు నెలల బిడ్డ "ఊఁ" అంటుంది. "ఊఁ, ఏమిటమ్మా? ఆకలా?" అని తల్లి బదులిస్తుంది. బిడ్డ మళ్ళీ "ఊఁ" అంటుంది. మాటలు రాకముందే సాగే సంభాషణ ఇది. ఒకరు పలికేటప్పుడు ఒకరు వినాలన్న సంగతి బిడ్డకు ఇక్కడే పట్టుబడుతుంది. ఏడ్చే పసిబిడ్డను ఎత్తుకుంటే చెడిపోతుందని కొందరు అంటారు. అది సరి కాదు. పిలిస్తే పలికేవారున్నారన్న నమ్మకం కలిగిన బిడ్డే తరువాత ధైర్యంగా ఒడి దిగి, కొత్త వస్తువుల వైపు పాకుతుంది.

ఇక భోజనం. మొదటి 6 నెలలు తల్లిపాలే చాలు. ఆ తరువాత తల్లిపాలతోపాటు మెత్తగా మెదిపిన పప్పన్నం వంటివి పెట్టాలి. ఏడాది దగ్గరపడిన బిడ్డ ముందు నాలుగు మెతుకులు ఉంచితే, బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కొక్కటే ఏరుకుంటుంది. సగం నేలపాలవుతుంది. కోప్పడకూడదు. రేపు బలపం పట్టవలసినవి ఆ వేళ్ళే. మూడేళ్ళ పిల్లవాడికి కంచాలు పెట్టే పని చెప్పవచ్చు. "తాతకొకటి, అమ్మకొకటి, నీకొకటి" అంటూ పెడితే లెక్కలకు అదే మొదలు.

భాష సంగతి మరీ ముఖ్యం. కెనడాలో పనిచేసిన జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రజ్ఞులు 1984లో ఒక పరిశోధన ప్రకటించారు. హిందీలోని 'ట', 'త' ధ్వనుల తేడాను ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని 6 నుంచి 8 నెలల పసివాళ్ళు కూడా గుర్తించగలిగారు. ఏడాది దగ్గరపడేసరికి ఆ ఇళ్ళ పిల్లలలో చాలామందికి ఆ తేడా తెలియలేదు. హిందీ ఇళ్ళ పిల్లలకు తెలిసింది. తెలుగులోనూ ఆ తేడా ఉంది కదా! రోజూ వినే భాషకే చెవి అలవాటు పడుతుందన్నమాట.

హోసూరు వీధిలో తమిళం, బళ్ళారి వీధిలో కన్నడం, బరంపురం వీధిలో ఒడియా, షోలాపూరు వీధిలో మరాఠీ పిల్లల చెవిని పడతాయి. యానాంలోనైతే వీధిలోనూ తెలుగే. ఇరుగుపొరుగు భాష కూడా బిడ్డకు రావాలి. రెండు భాషలు వింటే తికమకపడుతుందని భయపడనక్కరలేదు. పిల్లలు రెండింటినీ నేర్చుకోగలరు. కాని వీధి భాష వీధిలో దొరుకుతుంది. చాలా కుటుంబాలకు తెలుగు దొరికే చోటు ఇల్లే. ఇంట్లో జోలపాట, తాత కథ, వంటింటి కబుర్లు ఆగిపోతే, రేపు ఆ బిడ్డకూ అమ్మమ్మకూ మధ్య మాట కరవవుతుంది.

ఈ పనిలో మీకూ పాలు ఉంది. అమ్మ మగ్గం దగ్గరో, నాన్న పొలంలోనో ఉన్నప్పుడు చెల్లినో తమ్ముణ్ణో ఎత్తుకునేది మీరే. ఇందుకు వేరే తీరిక అక్కరలేదు. కూరగాయలు కడుగుతూ "ఇది బెండకాయ, ఇది కాకరకాయ" అని చూపించండి. తువ్వాలు చాటున ముఖం దాచి, తీసి నవ్వించండి. బిడ్డ అన్నం తినాలని ఫోను చూపడం ఇప్పుడు చాలా ఇళ్ళలో అలవాటైంది. రెండేళ్ళు నిండని పిల్లలు తెరల ముందు కూర్చోవడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఫోను తన మాట తాను చెప్పుకుపోతుంది. బిడ్డ "ఊఁ" అంటే బదులు పలకదు.

పిలిచినా, చప్పుడైనా బిడ్డ అటు తిరగకపోతే, ఒకటిన్నర ఏడు దాటినా ఒక్క మాటా రాకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించమని పెద్దలకు చెప్పండి. వినికిడి లోపాన్ని ఎంత త్వరగా కనిపెడితే అంత మేలు.

చెల్లి "బువ్వ" అంటే నవ్వి ఊరుకోకండి. "బువ్వ కావాలా? వేడివేడి బువ్వ పెడతాను, రా!" అనండి. ఆమె ఒక్క మాట ఇచ్చింది. మీరు దానికి నాలుగు మాటలు చేర్చి తిరిగి ఇచ్చారు.