జేగురు బాట

జనగామ నుండి మహబూబాబాదు మీదుగా భూపాలపల్లికి తారు రోడ్డున పోయే బాటసారికి నేల అంతా ఒక్క తీరుగానే కనిపిస్తుంది. రోడ్డు దిగి, జీపును బండ్లబాటల వెంట, లారీలు విడిచిన పాత దారుల వెంట నడిపించేవానికి ఆ భ్రమ తొలగిపోతుంది. ఉదయం చక్రాలకు పట్టిన ధూళి రంగు వేరు. సాయంకాలానికి పట్టినది వేరు.

జనగామ సీమ గ్రానైటు సీమ. ఆ శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భశాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. పాల్కురికి సోమనాథుని పాలకుర్తి గుట్ట కూడా అట్టి బండే. (తెలుగు పంతుళ్ళు దానిని చూచి ద్విపదను తలచుకుంటారే గాని రాతిని తలచుకోరు!) ఎండకు పగిలి, వానకు నాని ఆ బండ మొరమై రాలుతుంది. మొరం త్వరగా బురద కాదు. చక్రానికి పట్టు దొరుకుతుంది.

తొర్రూరు, మహబూబాబాదు దాటి బయ్యారం వైపు మళ్ళగానే ధూళి ఎరుపెక్కుతుంది. అది హెమటైటు, ఇనుప ఖనిజం. మన పెద్దలు జేగురన్నది దాని మెత్తని రూపమే. ఇల్లాండ్లు అరుగులకలికే ఎర్రమట్టికి అక్కగారు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెరువు ఇక్కడ నేటికీ పైరుకు నీరిస్తున్నది. ఇనుము మాత్రం ఇంకా అన్నం పెట్టలేదు. 2014 నాటి పునర్విభజన చట్టం, బయ్యారం అప్పుడున్న ఖమ్మం జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారం సాధ్యమేనా అని స్టీల్ అథారిటీ ఆరు నెలలలో పరిశీలించవలెనన్నది. ఖనిజంలో ఇనుపపాలు చాలదని కొందరు, చాలునని కొందరు వాదించుకుంటుండగానే 2016లో జిల్లా పేరు మారినది, కొలిమి వెలుగలేదు. గండ్లు పడిన ఎర్రబాటలపై పట్టణపు యువకులు సరదాకు జీపులెక్కిస్తే ఊరివారికి నవ్వు రాదు. ఆ బాటనే ఉద్యోగాలు వస్తాయని ఎదురుచూచినవారు వారు.

బొగ్గు అదృష్టం వేరు. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర దానిని గుర్తించగా, రెండు దశాబ్దాలలోపలే డోర్నకల్ నుండి అక్కడికి రైలుపట్టాలు పడినవి. గోదావరి లోయ వెంట సాగిన ఆ బొగ్గుపొరలే ఉత్తరాన భూపాలపల్లిలోనూ ఉన్నవి. 25 కోట్ల ఏళ్ళకు పూర్వపు అడవులు అట్లు మిగిలినవి. గనిని ఇక్కడివారు ‘బాయి’ అంటారు. బాయిదారులు సింగరేణి కంపెనీవి, అనుమతి లేనిదే పోరాదు. అయినా వెలుపలి బాటన పోతేనే ధూళి నల్లబడుతుంది.

అక్కడినుండి పరకాల దారిన మళ్ళితే రేగొండ ప్రాంతంలో పాండవుల గుట్ట. ఇది ఇసుకరాయి, పొరలు పొరలుగా నిలిచి, వానకు, గాలికి అరిగి గుహలైనది. జీపు క్రిందనే ఆగవలె. ఎదురు పాండవులు అనే చోట, మరికొన్ని చరియల క్రింద ఆదిమానవులు రంగులతో బొమ్మలు వ్రాశారు. 1990లో గాని పండితలోకానికి అవి తెలియలేదు. అడవిదున్న, జింక, పులి, విల్లు, బాణం; తెలుపు, పసుపు, ఆకుపచ్చ, ఎరుపు. ఇట్టి చిత్రాలలో ఎరుపునకు జేగురే సాధనం. కర్మాగారం కొరకు ఎవరినీ అర్థించకుండా, రాతిని నూరి నీట కలిపి, ఇనుమును పనికి పెట్టినవారు వారు. క్రింద ఆగిన జీపు చక్రాల మీద బయ్యారం దుమ్ము ఇంకా ఎర్రగానే ఉంటుంది.