ఫైర్ స్టేషన్ అంటే బండ్లు పెట్టే షెడ్డు కాదు.. ప్రతి సెకనూ లెక్కే! కొత్తగా ఎలా డిజైన్ చేస్తారంటే..

ఎక్కడైనా మంటలు చెలరేగితే జనానికి కనిపించేది సైరన్ మోగిస్తూ వచ్చే ఎర్ర బండి మాత్రమే. అది ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అందరూ చూస్తారు. కానీ ఫోన్ వచ్చాక స్టేషన్ గేటు దాటేలోపు పోయే సమయం ఎవరి కంటా పడదు. సిటీ ట్రాఫిక్‌ను రాత్రికి రాత్రి మార్చలేం. స్టేషన్ లోపల పోయే సెకన్లను మాత్రం బిల్డింగ్ ప్లాన్‌తోనే మిగుల్చుకోవచ్చు. ఆధునిక ఫైర్ స్టేషన్ డిజైన్ మొత్తం ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకింత తొందర?

ఒకప్పుడు ఇళ్లలో చెక్క, పత్తి సామానే ఎక్కువ. ఇప్పుడు సోఫా నుంచి పరుపు దాకా ఫోమ్, ప్లాస్టిక్, సింథటిక్ బట్టే. అమెరికాకు చెందిన యూఎల్ సంస్థ రెండు రకాల గదులనూ తగలబెట్టి చూసింది. పాతకాలం సామాన్లున్న గది మొత్తం అంటుకోవడానికి 29 నిమిషాలకు పైనే పట్టింది. కొత్త తరహా గదికి 5 నిమిషాలు కూడా పట్టలేదు! అందుకే అమెరికాలో పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ 1710 ప్రమాణం ప్రకారం అగ్నిప్రమాదం సమాచారం అందిన 80 సెకన్లలో సిబ్బంది బయల్దేరాలి. మరో 4 నిమిషాల్లో మొదటి ఫైరింజన్ స్పాట్‌కు చేరాలి.

80 సెకన్లు ఎలా సాధ్యం?

విశ్రాంతి గది నుంచి బండి దాకా దారి సూటిగా, వెడల్పుగా ఉండాలి. మలుపులు, మధ్యలో తలుపులు ఎంత తక్కువైతే అంత మేలు. పై అంతస్తు నుంచి జారి దిగే స్తంభం 1878లో షికాగోలో మొదలైంది. దాని వల్ల కాళ్లు, నడుముకు గాయాలు అవుతుండటంతో ఇప్పుడు వీలైన చోట పడక గదులను కిందే కడుతున్నారు.

బండ్లు వెనుక నుంచి వచ్చి ముందు నుంచి వెళ్లేలా రెండు వైపులా తలుపులుంటే రివర్స్ చేసే బాధ ఉండదు. పైకి లేచే షట్టర్ల కంటే పక్కలకు మడతపడే తలుపులు త్వరగా తెరుచుకుంటాయి. పూర్తిగా తెరుచుకున్నదీ లేనిదీ డ్రైవర్‌కు సీటులోంచే తెలిసిపోతుంది. స్టేషన్ ముందు బండి పొడవుకు మించి ఖాళీ జాగా, ఎదుటి సిగ్నల్‌ను ఆపే బటన్ కూడా ఉంటే రోడ్డెక్కడం తేలిక. సరిగ్గా కూడలి మూలన కడితే సిగ్నల్ దగ్గర ఆగిన వాహనాలే గేటుకు అడ్డం పడతాయి.

సిబ్బంది ప్రాణాలూ ముఖ్యమే

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ ఒక కీలక నిర్ణయం తీసుకుంది. ఫైర్‌ఫైటర్ వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. మంటల్లో పనిచేసి వచ్చిన డ్రెస్‌కు మసి, విష రసాయనాలు అంటుకునే ఉంటాయి. దాన్ని మంచం పక్కనే తగిలిస్తే విషంతో కలిసి నిద్రపోయినట్టే. అందుకే కొత్త స్టేషన్లను మూడు భాగాలు చేస్తున్నారు. బండ్లు, మురికి డ్రెస్సులు ఒక వైపు.. ఉతికే మెషిన్, స్నానాల గది మధ్యలో.. వంటగది, పడకలు మరో వైపు. బండి పొగ గొట్టానికి పైపు తగిలించి డీజిల్ పొగను నేరుగా బయటికి పంపేస్తారు.

మన నగరాలకు ఏం కావాలి?

విదేశీ ప్లాన్‌ను తెచ్చి యథాతథంగా కడితే సరిపోదు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే భవనంలో మంటలకు 17 మంది బలయ్యారు. లోపలికి దారి, మెట్లు ఇరుకుగా ఉండటం సహాయక చర్యలకు అడ్డంకిగా మారింది. ఇలాంటి బస్తీల కోసం కట్టే స్టేషన్‌లో పెద్ద ట్యాంకర్‌తో పాటు చిన్న బండ్లకు, మంటలార్పే బైకులకు చోటుండాలి. ఇరుకు మెట్లు, పొగ నిండిన గదుల నమూనాతో ట్రైనింగ్ టవర్ కావాలి. అపార్ట్‌మెంట్లు లేచే చోటైతే ఎత్తైన నిచ్చెన బండి పట్టేంత పెద్ద షెడ్డు, అది తిరగడానికి ఆవరణ అవసరం. ట్యాంకులు నింపుకోవడానికి సంపు, కరెంటు పోయినా ఆగని జనరేటర్ ఎక్కడైనా తప్పనిసరి.

అంటే ఎక్కడ సర్కారు జాగా దొరికితే అక్కడ కట్టేయడం కాదు.. ఆ ఏరియా గల్లీలు, ఎత్తులు చూశాకే ప్లాన్ గీయాలి. 101కి ఫోన్ చేసిన వాళ్లకు కావాల్సింది అందమైన బిల్డింగ్ కాదు. టైమ్‌కు వచ్చే బండి!