గుండె బాగానే ఉంది, మరి ఈ దడకు ఏ వైద్యం?

కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్‌లో ఒకరికి రాత్రిపూట ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చెమటలు పట్టి, ఊపిరాడక, ఇక పానం పోయినట్టే అనిపించిందనుకోండి. ఇంట్లోవాళ్లు బండి మాట్లాడి ఎల్లారెడ్డికో బాన్సువాడకో తీసుకెళ్తారు. అలాగే తీసుకెళ్లాలి. మొదటిసారి వచ్చిన ఛాతీనొప్పిని, ఆయాసాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఈసీజీతో పాటు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలూ అవసరమే. అన్నీ బాగున్నా ఆ దడ పదేపదే వస్తూ, మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న బెంగతో మనిషి బస్సెక్కడం, సంతకు పోవడం మానేస్తే అది పానిక్ డిజార్డర్ కావచ్చు. అలాంటివారిని ‘నీకేం లేదు పో’ అని పంపేయడం అన్యాయం.

భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. మెదడుకు పోయే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి. తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అది చూసి పక్షవాతమేమోనని భయం రెట్టింపవుతుంది, దడ ఇంకా పెరుగుతుంది. ఒంట్లో కలిగే మామూలు మార్పును ప్రాణాపాయంగా పొరబడటమే ఈ జబ్బుకు మూలమని బ్రిటన్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో వివరించాడు.

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే సీబీటీ, పట్టుకునేది సరిగ్గా ఈ ముడినే. థెరపిస్టు మిమ్మల్ని సన్నటి స్ట్రాతో ఒక నిమిషం ఊపిరి తీయమంటారు. ఉన్నచోటే పరుగెత్తమంటారు, తిరిగే కుర్చీలో గిరగిరా తిప్పుతారు. దడ, ఆయాసం, కళ్లు తిరగడం అన్నీ వస్తాయి. ఏ మందూ వేసుకోకుండానే అవి కాసేపటికి తగ్గిపోతాయి. ఇలా పదిసార్లు చూశాక ఆ లక్షణాలంటే బెదురు పోతుంది. ఆ తర్వాత మానేసిన బస్సు ప్రయాణం, మొదట తోడుతో, తర్వాత ఒంటరిగా. చికిత్సలోని ఏ అంశం ఎంత పనిచేస్తుందో విడదీసి చూస్తూ పరిశోధకుడు పాంపోలి బృందం 2018లో ప్రచురించిన విశ్లేషణలోనూ, ఇలా లక్షణాలను కావాలనే తెప్పించుకునే సాధనకే ఎక్కువ బలం కనిపించింది. కండరాలను సడలించే అభ్యాసం అంతగా తోడ్పడలేదు. మనసు లోతుల్లోని కారణాలను వెతికే సైకోడైనమిక్ చికిత్స కూడా 2007లో న్యూయార్క్‌లో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో మంచి ఫలితమే ఇచ్చింది. కానీ అందులో శిక్షణ ఉన్నవారు మన దగ్గర దొరకడం కష్టం.

మందుల్లో సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ వంటివి ముందు వరుసలో ఉంటాయి. ఇవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో ఆందోళన కాస్త పెరగవచ్చు కూడా, అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. పది కిలోమీటర్లు కూడా ప్రయాణం చేయలేనంతగా కుంగిపోయినవారు మందుతో మొదలుపెట్టి సీబీటీకి రావడం నాకు సబబుగా తోస్తుంది.

ఇక అల్ప్రాజోలం. అరగంటలో దడ తగ్గిస్తుంది కాబట్టి అందరూ ఇష్టపడతారు, అలవాటూ అంతే తొందరగా పడుతుంది. పైగా ‘గోళీ వేసుకున్నా కాబట్టి బతికా’ అన్న నమ్మకం కుదిరి, సీబీటీ నేర్పే పాఠం ఒంటబట్టదు. కామారెడ్డి ప్రాంతంలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే మత్తుమందుల్లో అల్ప్రాజోలం ఒకటి. 2025 ఏప్రిల్‌లో నసురుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. అలాంటి కల్లు అలవాటైనవారు ఒక్కసారిగా మానేస్తే చేతుల వణుకు, దడ, నిద్రలేమి, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. పైకి అది అచ్చం పానిక్‌లాగే ఉంటుంది, కానీ వైద్యం వేరు. కాబట్టి డాక్టరు దగ్గర కల్లు మాట దాచకండి. గోళీని గానీ కల్లును గానీ సొంతంగా ఠక్కున ఆపకండి.

ఎవరి దగ్గరికి పోవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. థెరపిస్టు దొరికాక మొదటి రోజే ఒక ప్రశ్న అడగండి: ‘ఈ దడను ఇక్కడే తెప్పించి, ఎదుర్కోవడం నేర్పిస్తారా?’