కాలేయంతో వచ్చే కాపలా!

హైటెక్‌సిటీకి దగ్గర్లో, గచ్చిబౌలిలోని ఏఐజీ ఆసుపత్రిలో కాలేయ మార్పిడులు జరుగుతుంటాయి. నాన్నకు కొడుకో, భర్తకు భార్యో కాలేయంలో కొంత ఇస్తారు. రక్తం గ్రూపు కలుస్తుంది, ఆపరేషనూ బాగానే అవుతుంది. మరి అవే మందులు వాడినా ఇన్‌ఫెక్షన్లు కొందరినే ఎందుకు వేధిస్తాయి?

ఒక కారణం దాత జన్యువుల్లో ఉండొచ్చు. సూక్ష్మజీవులను పట్టించే ‘మానోజ్‌ బైండింగ్‌ లెక్టిన్‌’ అనే ప్రొటీన్‌ తయారయ్యేది ప్రధానంగా కాలేయంలోనే. కొందరికి వారసత్వంగా అది తక్కువ. మిగతా రక్షణలు ఉంటాయి కాబట్టి దాతకు ఆ లోటే తెలియదు. కాలేయం అందుకున్నవారికో... టాక్రోలిమస్‌ లాంటి మందులు ఆ మిగతా కాపలానూ తగ్గిస్తాయి. వాళ్ల సొంత జన్యువు బాగున్నా, ఆ ప్రొటీన్‌ చేసేది ఇక కొత్త కాలేయమేగా! 2005లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌ పరిశోధకులు ఇలాంటి కాలేయం పొందినవారిలో తీవ్ర ఇన్‌ఫెక్షన్లు ఎక్కువని గుర్తించారు. అందుకే మార్పిడి తర్వాత చిన్న జ్వరమొచ్చినా సొంతవైద్యం వద్దు, వెంటనే డాక్టరుకు చెప్పాలి.