మార్స్ మీద మూడు సెంట్ల సేద్యం

ఉర్లగడ్డను విత్తనానికి కోసేటప్పుడు కత్తి ఎక్కడ పెట్టాలో కుప్పం వైపు చేను చేసేవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. గడ్డను చేతిలో తిప్పి చూస్తారు, కన్నులు ఎక్కడున్నాయో వేలితో తడుముతారు, ముక్కకు రెండు కన్నులైనా వచ్చేలా కోస్తారు. కన్ను లేని ముక్క మొలకెత్తదు, మట్టిలో కుళ్లిపోతుంది. ఆండీ వీర్ రాసిన 'ది మార్షియన్' నవలలో మార్క్ వాట్నీ కూడా సరిగ్గా ఇలాగే కోస్తాడు. థాంక్స్‌గివింగ్ పండక్కి వండుకొమ్మని నాసా పంపిన పన్నెండు గడ్డల్ని నాలుగేసి ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో రెండు కన్నులు చూసుకుని మట్టిలో పెడతాడు. ఆ మట్టి మార్స్‌ది. ఆరో రోజున తుఫాను రేగి తోటివాళ్లు అతను చచ్చిపోయాడనుకుని వెళ్లిపోయారు. మిగిలిన తిండి అయిపోయేలోగా పంట రావాలి.

నేను సినిమా ముందు చూశాను, నవల తర్వాత చదివాను. రిడ్లీ స్కాట్ తీసిన ఆ సినిమా 2015 అక్టోబరులో వచ్చింది, మాట్ డేమన్ వాట్నీగా వేశాడు. బాగా తీశారు. అయినా పుస్తకం మూసేసరికి సినిమాలో ఏం పోయిందో తెలిసింది. పోయింది లెక్క.

వీర్ ఈ కథను 2009 నుంచి తన సొంత వెబ్‌సైట్‌లో ఒక్కో అధ్యాయంగా ఉచితంగా పెట్టాడు. సైన్సు తెలిసిన పాఠకులు తప్పులు పట్టి ఉత్తరాలు రాస్తే దిద్దుకున్నాడు. 2011లో కిండిల్‌లో 99 సెంట్లకు అమ్మాడు, 2014లో క్రౌన్ సంస్థ అచ్చు వేసింది. అలా నలుగురూ సరిచూసిన పుస్తకం కాబట్టి అంకెలు గట్టిగా నిలబడతాయి. అసలు అది నవలలా ఉండదు, రైతు రాసుకునే పద్దుల పుస్తకంలా ఉంటుంది.

ఆ పద్దు ఒకటి చూడండి. ఉన్న స్థలంలో సాగు చేస్తే వచ్చే గడ్డలు రోజుకు 288 క్యాలరీలకు మించవని మొదట తేలుతుంది. మనిషికి రోజుకు 1,500 అయినా కావాలి. దాంతో మంచాల మీద, బల్లల మీద, అత్యవసర గుడారాల్లో కూడా మట్టి పరిచి సాగును 126 చదరపు మీటర్లకు పెంచుతాడు. మన కొలతలో మూడు సెంట్ల పైచిలుకు, ఊళ్లో ఇంటి స్థలమంత. మట్టి మందం పది సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. అంటే 12.6 ఘనపు మీటర్ల మట్టి. ఘనపు మీటరుకు 40 లీటర్ల నీళ్లు కావాలని అతని అంచనా. మొత్తం ఐదు వందల లీటర్ల పైమాట. అన్ని నీళ్లు అతని దగ్గర లేవు.

నవలకు గుండెకాయ ఈ నీళ్ల అధ్యాయాలే. వెయ్యి అడుగులు దింపినా బోరులో దుమ్మే వచ్చిన పొలాలు చూసినవాళ్లు వీటిని ఇంకోలా చదువుతారు. 1990ల్లో కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం మొదలుపెట్టినప్పుడు జనం వింతగా చూసింది నీళ్ల కొలతనే. కాలువ గట్టు తెంచి మడి నింపే అలవాటున్న చోట, మొక్క మొదట్లో గంటకు ఇన్ని లీటర్లని పైపులోంచి చుక్కలు వదలడం అప్పటికి కొత్త. ఇప్పుడు మదనపల్లె చుట్టూ టమాటా చేలల్లో డ్రిప్పు పైపు కనిపించని సాలు అరుదు. వాట్నీకి ఆ చుక్క కూడా లేదు. దిగిన నౌకలో మిగిలిన హైడ్రజీన్ అనే విషపు ఇంధనాన్ని ఇరిడియం మీద పోసి నైట్రోజన్, హైడ్రోజన్‌లుగా విడగొడతాడు. ఆ హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌లో మండిస్తే నీళ్లు. తను వదిలే ఊపిరిలో కూడా ఆక్సిజన్ మిగిలి ఉంటుందన్నది మరిచిపోయినందుకు ఒకసారి పేలుతుంది. సినిమా ఆ పేలుడును చూపించింది, అందరం నవ్వాం. నవలలో అయితే గాలిలో హైడ్రోజన్ ఎంత పేరుకుపోయిందో అతను లెక్క కట్టిన పేజీలు ఉన్నాయి. ఇల్లు బాంబు అయి కూర్చుందని తెలిసీ అతను అందులోనే ఉండాలి. ఆ పేజీలు చదువుతుంటే చేతులు చల్లబడతాయి.

మట్టి సంగతి రెండింట్లోనూ ఉంది. మార్స్ ఎర్రదనం, మన రాయలసీమ చెలకల ఎర్రదనం రెండూ ఇనుప ఆక్సైడ్ల వల్లే. తేడా ఏమిటంటే మన ఎర్రమట్టిలో కంటికి కనబడని ప్రాణులు కోట్లకు కోట్లు ఉంటాయి, అక్కడ ఉన్నట్టు ఇంతవరకూ ఆధారం దొరకలేదు. అందుకే వాట్నీ భూమి నుంచి వచ్చిన గుప్పెడు మట్టిని తోడు పెట్టినట్టు కలుపుతాడు, మనుషుల మలాన్ని ఎరువుగా వేస్తాడు. సినిమా హాల్లో కొందరు ముక్కు మూసుకున్నారు. చేలో రాత్రంతా గొర్రెల మంద తోలించే రైతుకు అందులో రోత ఏముంది? నడుము ఎత్తు దాటని పుంగనూరు ఆవు, ఎండు గడ్డి తిని కరువులో కూడా చిక్కటి పాలిచ్చే ఆవు, ఇంత పేరు తెచ్చుకోకముందు పేదవాడి ఇంట్లో నిలిచింది పాలకోసం ఎంతో పేడకోసం కూడా అంతే.

ఒక్క విషయం నవలా చెప్పలేదు, సినిమా చెప్పలేదు. మార్స్ మట్టిలో పెర్‌క్లోరేట్లనే విషపు ఉప్పులు ఉన్నాయని 2008లోనే ఫీనిక్స్ నౌక పట్టుకుంది. అవి నీళ్లలో కరుగుతాయి కాబట్టి మట్టిని కడగాలి, అంటే ఇంకా నీళ్లు. కథ మొదట్లోని తుఫానూ నిజానికి నిలబడదు. మార్స్ గాలి ఒత్తిడి మన దాంట్లో నూరో వంతు కూడా లేదు, అది రాకెట్‌ను వంచలేదు. కథ మొదలవడానికి తెలిసే ఆ తప్పు చేశానని వీర్ ఒప్పుకున్నాడు. ఆ ఒక్క అప్పు తీసుకుని మిగతాదంతా నిజాయితీగా కట్టాడని నేననుకుంటాను.

సినిమా వదిలేసిన వాటిలో నాకు తీరని లోటు ఒకటుంది. నవలలో వాట్నీ డ్రిల్లు వాడుతుండగా కరెంటు దారి తప్పి, తవ్వి తెచ్చుకున్న పాత్‌ఫైండర్ కాలిపోతుంది. 1997లో దిగిన ఆ పాత యంత్రమే భూమితో మాట్లాడటానికి అతనికున్న ఏకైక దారి. అక్కడి నుంచి సలహా చెప్పేవాళ్లు లేరు. రాళ్లు పేర్చి మోర్స్ అక్షరాల్లో కబురు పెట్టగలడు, జవాబు వినలేడు. అలా ఒంటరిగా, తనను పైకి తీసుకెళ్లే రాకెట్ ఉన్న చోటికి మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు బయల్దేరితే ముందు దుమ్ము తుఫాను. అది కంటికి కనబడదు, రోజురోజుకూ బ్యాటరీ కొంచెం తక్కువ నిండుతుంది, అంతే. అతను దూరం దూరంగా సౌర పలకలు పెట్టి, ఎక్కడ ఎంత కరెంటు వచ్చిందో పోల్చి, దుమ్ము ఏ వైపు దట్టమో తేల్చుకుని దక్షిణానికి తిరుగుతాడు. మబ్బు ఏ మూల నుంచి ఎక్కుతోందో చూసి రాశి మీద పట్టా కప్పే రైతు చూపు అది. సినిమాలో ఈ తుఫాను లేదు. నాసాతో మాట కూడా తెగిపోదు. చివర్లో బండి బోల్తా పడటమూ లేదు.

సినిమాకే దక్కినవీ ఉన్నాయి. నవల వాట్నీ వాగుతూనే ఉంటాడు, ఆ మాటల కింద భయం దాక్కుంటుంది. సినిమాలో అతను నోరు మూసుకుంటాడు. జోర్డాన్‌లోని వాడీ రమ్ ఎడారిలో తీసిన ఆ ఎర్ర విశాలంలో చిన్న బండి పాకుతుంటే ఏకాంతం అంటే ఏమిటో అర్థమవుతుంది. పంట నాశనమైన రాత్రి మరీ. ఇంటికి పడిన కన్నానికి ప్లాస్టిక్ పట్టా అడ్డం పెట్టి టేపు చుట్టాడు. బయట గాలికి అది పటపటమని కొట్టుకుంటుంటే అతను ఉర్లగడ్డలు ఒక్కొక్కటీ లెక్కపెడుతుంటాడు. నవల ఎన్ని అంకెలు చెప్పినా ఆ చప్పుడు వినిపించలేదు.

ముగింపులో, తనకోసం తిరిగొచ్చిన తోటివాళ్లను అంతరిక్షంలో అందుకోవడానికి గ్లవుకు కన్నం పెట్టుకుని ఆ గాలి తోపుతో ఎగరాలన్న ఆలోచన నవలలోనూ అతనికి వస్తుంది. కెప్టెన్ లూయిస్ వద్దంటుంది, బెక్ అనే తోటివాడు వెళ్లి పట్టుకుంటాడు. సినిమాలో లూయిసే బయటికి వెళ్తుంది, వాట్నీ కన్నం పెట్టుకుని ఎగురుతాడు. ఈలలు పడే దృశ్యమే. అయితే అంతసేపూ కొలిచి బతికినవాడు ఆఖర్న గుడ్డిగా దూకడం నాకు మింగుడు పడలేదు.

ఇంకో మార్పు మన ఇంటిదాకా వస్తుంది. నవలలో నాసా మార్స్ యాత్రల అధికారి పేరు వెంకట్ కపూర్, హిందువు. ఇంటిపేరు పంజాబీ, పేరు మాత్రం మన తిరుమల కొండది. ఆ పాత్రకు ఇర్ఫాన్ ఖాన్‌ను అడిగారు. అప్పటికే ఒప్పుకున్న పనుల వల్ల ఆయనకు కుదరలేదు. చివెటెల్ ఎజియోఫోర్ వేశాడు, గొప్పగా వేశాడు, కానీ పాత్ర పేరు విన్సెంట్ అయింది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి లేచిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న మార్స్ కక్ష్యలోకి చేరింది. ఏడాది తర్వాత విడుదలైన సినిమాలో, మార్స్ పనులు చూసే మనిషికి వెంకట్ అన్న పేరు లేకుండా పోయింది. పుంగనూరులో ఏ బడికి వెళ్లి వెంకట్ అని పిలిచినా ఇద్దరు ముగ్గురు తల తిప్పి చూస్తారు. వాళ్లకు నేను పుస్తకమే ఇస్తాను.