పురుగుమందు డబ్బాపై గుర్తులు

పురుగుమందు డబ్బాపై మూలమీద నిలబెట్టిన చదరపు గుర్తు ఉండును. 1971 నాటి నియమముల ప్రకారము దాని క్రింది సగమునకు రంగు వేయుదురు. ఎరుపు అత్యంత విషము, పసుపు అధిక విషము, నీలము మధ్యరకము, ఆకుపచ్చ స్వల్పము. ఆకుపచ్చ యనగా విషము లేదని కాదు.

కొందరి కంటికి ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా కనుపించును. మసక వెలుతురులో, మట్టి అంటినప్పుడు ఎవరికైనను రంగు సరిగా తెలియదు. రంగుతోపాటు ఆకారము కూడ ఉంచిరి. ఎఱుపు గుర్తు పై సగమున పుఱ్ఱె, అడ్డముగా రెండెముకలు ఉండును. పసుపుపై విషము అను మాట ఉండును గాని పుఱ్ఱె ఉండదు.

రైతు సోదరులు రంగును, బొమ్మను, మాటను మూడింటిని చూడవలెను. మందును వేరు సీసాలోనికి మార్చరాదు. మార్చినచో గుర్తు డబ్బాతోనే పోవును. విషము మాత్రము ఇంటిలో నిలుచును.