బెదరిన జాగిలము, ఓర్పుగల ఇల్లు

జంతు శరణాలయమునకు పోయి కుక్కను పెంపకమునకు తెచ్చుకొనదలచిన వారిలో అనేకులు మొదట చూచునది కుక్కపిల్లలను. తరువాత, తోక ఊపుచు ఎదురువచ్చు చిన్న కుక్కలను. మూలగదిలో గోడవైపు మొగము పెట్టి పడియున్న అల్సేషియనునో, గ్రేట్ డేనునో చూచి, "ఇది కరచునేమో" యని ముందుకు సాగిపోవుదురు. చిన్న కుక్క వణకినచో మనకు జాలి కలుగును. 35 కిలోల కుక్క వణకుచు గుఱ్ఱుమన్నచో భయము కలుగును. రెండింటిలోను ఉన్న బెదరు ఒక్కటే.

ఈ పెద్ద కుక్కలు శరణాలయమునకు వచ్చు దారి పట్టణవాసులు ఎరిగినదే. పిల్లగా నున్నప్పుడు ముచ్చటపడి కొందురు. ఏడాది తిరుగునప్పటికి అది మంచము క్రింద పట్టనంత పెరుగును. అద్దె ఇల్లు మారుటయో, ఉద్యోగము బదిలీ యగుటయో సంభవించును. ఒకనాటి రాత్రి ఊరి చివర బండిలోనుండి దింపి వత్తురు. శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో సలిపిన కృషి ప్రేరణగా 1960లో వెలువడిన జంతుహింసా నివారణ చట్టము ప్రకారము, ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట నేరము. కాని విడువబడినదాని బెదరు చట్టమునకు లొంగునది కాదు.

ఆ బెదరు ఎట్టిదో తెలుపు ఉదంతమొకటి కలదు. 1924 సెప్టెంబరులో నేవా నది పొంగి లెనిన్‌గ్రాడు నగరమును ముంచెత్తెను. శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ ప్రయోగశాలలోని కుక్కలు గదులలోనికి నీరు ఎక్కుచుండగా చిక్కుపడెను. సహాయకులు వానిని నీటిలో ఈదించి కాపాడిరి. శరీరములకు గాయములు లేవు. కాని కొన్ని కుక్కలలో అంతవరకు నేర్చినదంతయు చెదరిపోయెను. వాటిలో ఒకటి స్థిమితపడుటకు అనేక వారములు పట్టెను. అది కోలుకొన్నదనుకొన్న పిమ్మట, తలుపు సందునుండి గదిలోనికి కొద్దిగా నీరు పారించి చూచిరి. పాత బెదరు మరల తలయెత్తెను.

శరణాలయపు కుక్క విషయములో ఆ వరద యేదో మనకు తెలియదు. చేతికఱ్ఱ కావచ్చును, వానకోటు కావచ్చును, గ్యాసుబండ దొర్లించు చప్పుడు కావచ్చును. అట్లని బెదరిన ప్రతి కుక్కయు దెబ్బలు తిన్నదే యని తలచుటయు పొరపాటే. అమెరికాలోని బార్ హార్బరులో ఏండ్ల తరబడి పరిశోధించి స్కాట్, ఫుల్లర్ అను వారు 1965లో ప్రకటించిన గ్రంథమును బట్టి, సుమారు 3వ వారమునుండి 12వ వారము వరకు మనుష్యుల నడుమ మెలగని పిల్ల, పెద్దదైన పిమ్మటను మనుష్యులకు జంకును. దానిని ఎవ్వరును కొట్టియుండకపోవచ్చును. ఎవ్వరును ఎత్తుకొనియు ఉండకపోవచ్చును.

ఇట్టి కుక్కకు ఇల్లు వెదకునప్పుడు శరణాలయమువారు మొదట అడుగవలసినది ఆవరణ ఎంత యని కాదు. పగటివేళ ఇంటిలో ఎవరుందురని. రాకపోకలు తక్కువగా ఉండవలెను. పసిపిల్లలున్న ఇల్లు తగదు. బెదరిన కుక్క పరుగెత్తిన వెనుదిరిగి చూడదు గనుక, గేటు గడియ గట్టిదై యుండవలెను. మెడపట్టెడ తల మీదుగా జారును; ఛాతీ చుట్టు వచ్చు పట్టీ మేలు. రేబిస్ టీకా సంగతి ముందే తేల్చుకొనవలెను.

తెచ్చిన మొదటి దినములలో బంధుమిత్రులను పిలిచి చూపరాదు. ఒక మూల దానికి విడిచి, తిండి పెట్టి, తొలగిపోవలెను. కన్నులలో కన్నుపెట్టి చూడరాదు. మీదికి వంగి తల నిమురరాదు. నిద్ర రాకున్నను ఆవులించుట, ఊరక మూతి నాకుకొనుట, మొగము త్రిప్పి కంటి తెలుపు కనబడునట్లు చూచుట, ఇవి "చాలు, దూరముగా ఉండు"మను మాటలే. గుఱ్ఱుమన్నందుకు కొట్టుట అన్నిటికంటె చెడ్డ పని. అట్లు నోరు మూయింపబడిన కుక్క మరియొకనాడు హెచ్చరిక లేకయే కరచును.

రేడియో ఉన్నవారికి ఒక మాట. బెల్‌ఫాస్టు పరిశోధకులు 2002లో ప్రకటించినదానిని బట్టి, శరణాలయపు కుక్కలు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతము వినబడుచుండగా ఎక్కువసేపు నెమ్మదిగా పడుకొనినవి. హోరెత్తు సంగీతమునకు ఎక్కువగా మొరిగినవి. మన సంగీతముతో ఎవరైనను చూచిన బాగుండును.

నేనెరిగిన ఒక జాగిలము రెండు ఇండ్లనుండి తిరిగివచ్చెను. మొదటివారు తెచ్చిన మూడవనాడే ఇంట పేరంటము పెట్టుకొనిరి. రెండవవారు మేడమీద గొలుసున కట్టి, అరచుచున్నదని తెచ్చి అప్పగించిరి. మూడవ ఇల్లు విశ్రాంత ఉపాధ్యాయ దంపతులది. ఆయన ప్రతి సాయంకాలము వరండాలో కుక్కకు వీపు పెట్టి కూర్చుండి, రేడియో సన్నగా పెట్టుకొని వార్తలు వినెడివారు. దానిని పిలువలేదు. 19వ నాటి సాయంకాలము అది లేచివచ్చి ఆయన చెప్పుమీద గడ్డము ఆన్చి పడుకొనెను. వార్తలు ముగిసినను ఆయన చాలసేపు కాలు కదపలేదట. లోపలినుండి భార్య భోజనమునకు పిలిచినను బదులు పలుకలేదట.